పాత క్యాంపర్ వ్యాన్ ముందు భాగం లూజు: కౌన్సిల్ ఎంఓటీ సెంటర్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. పాత వ్యాన్ ముందు చక్రాల దగ్గర టకటకమంటున్నా, స్టీరింగ్ వదులుగా ఉన్నట్టు అనిపిస్తున్నా, పార్టులు అమ్ముకునేవాడి దగ్గరికి ఆఖర్న వెళ్ళండి. ఆ పార్టుల మీద పైసా లాభం లేనివాడికి ముందు చూపించండి. మేముండే ఇంగ్లండ్‌లో అలాంటి చోటు ఒకటుంది, కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) వాళ్ళు నడిపే ఎంఓటీ సెంటర్, అంటే బండికి ఏటా చేసే పరీక్ష జరిగే చోటు. ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి దాని సంగతే తెలీదు, తెలిసినవాళ్ళు కూడా "గవర్నమెంటోళ్ళు కదా, కావాలని ఫెయిల్ చేస్తారేమో" అని అటువైపు వెళ్ళరు. లోపలే వండుకుని పడుకునే వీలున్న నా ఫోక్స్‌వ్యాగన్ టీ4 క్యాంపర్‌ని అక్కడికి తీసుకెళ్ళాను. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఒకటి ఎందుకు కోశానో కూడా చెప్తా.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం ఒక మాట. ఎంఓటీ అంటే మన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాంటిదే, కాకపోతే సొంత కారుకైనా మూడేళ్ళు నిండాక ఏటా చేయించాలి. మామూలు గ్యారేజీలు కూడా ఈ టెస్ట్ చేస్తాయి. కారుకీ క్యాంపర్‌కీ గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు, అయినా చాలా గ్యారేజీల ముందు అంతకంటే బాగా తక్కువకే చేస్తామని బోర్డులుంటాయి. అంత తక్కువకి ఎలా గిట్టుబాటవుతుందయ్యా అంటే, ఫెయిలైన బండి రిపేరు కూడా అక్కడే చేయిస్తారు కాబట్టి. అందరూ అలాంటివాళ్ళే అనను, నిజాయతీగా పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ కౌన్సిల్ సెంటర్‌లో ఆ అనుమానానికి చోటే లేదు. అవి అసలు కౌన్సిల్ సొంత బండ్లను చూసుకోడానికి పెట్టుకున్నవి, పబ్లిక్‌కి కూడా టెస్ట్ చేస్తారు, మన బండి రిపేరు జోలికి మాత్రం మామూలుగా రారు. మీ బాల్ జాయింట్, అంటే చక్రాన్ని బండికి కలిపే కీలు, ఉన్నా ఊడినా వాళ్ళ జీతం వాళ్ళకొస్తుంది.

ఇక నా బండి సంగతి. ఫోక్స్‌వ్యాగన్ టీ4 అంటే 1990 నుంచి 2003 దాకా తయారైన ట్రాన్స్‌పోర్టర్. అంతకుముందు వాటికి ఇంజను వెనకాల ఉండేది, దీంతోనే ముందుకొచ్చింది, నడిచేవి కూడా ముందు చక్రాలే. అంటే ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు, బ్రేకు బరువులో పెద్ద వాటా, అన్నీ ఆ రెండు చక్రాల నెత్తినే. దానికితోడు క్యాంపర్. మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, బీరువాలు, పైకి లేచే టాపు. మామూలు కారు సామాను దించేశాక తేలికపడుతుంది, ఇది ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా రెండు టన్నుల పైన మోస్తూనే ఉంటుంది. చలికాలమంతా కదలదు, లోహపు ముక్కల మధ్య దిండులా ఉండే రబ్బరు బుష్‌లు ఎండిపోతాయి, బూట్లు, అంటే జాయింట్ల మీది రబ్బరు తొడుగులు, చిట్లుతాయి. అందుకే తక్కువ తిరిగిందని మురిసిపోయి పాత క్యాంపర్ కొనేవాళ్ళు మీటరు కంటే కింద ఉన్న రబ్బరు చూసుకోవడం మంచిది.

నాకు వచ్చిన కంప్లయింట్లు రెండు. మా వీధిలో స్పీడ్ బ్రేకర్లు ఎక్కించినప్పుడు ఎడమవైపు ముందు నుంచి "టక్" అని ఒక పొడి శబ్దం, నెమ్మదిగా వెళ్తేనే బాగా వినపడుతుంది. రెండోది, మోటర్‌వే మీద బండి తిన్నగా పోదు. వేల్స్ వైపు ఎం4 మీద ప్రిన్స్ ఆఫ్ వేల్స్ బ్రిడ్జి ఉంది కదా, అక్కడ పక్కగాలి కొట్టినప్పుడు కోళ్ళు వదులైన నులకమంచం మీద కూర్చున్నట్టే ఉండేది: నేను స్టీరింగ్ కొంచెం తిప్పుతాను, బండి ఒక క్షణం ఆలోచించి అప్పుడు తిరుగుతుంది, ఈలోపు నేను ఇంకొంచెం తిప్పేసి ఉంటాను. పక్కన మా ఆవిడ హ్యాండిల్ పట్టుకుని ఒకటే టెన్షన్.

మొదట చూపించింది ఒక ప్రైవేటు గ్యారేజీకి, పేరెందుకులెండి. లిఫ్ట్ ఎక్కించలేదు. ముందు నుంచి రెండు చేతులతో బండిని ఒకసారి కిందికి అదిమి వదిలి, చక్రాల వెనక్కి టార్చి కొట్టి, "పాతబండి కదా, ముందు భాగం మొత్తం మార్చాలి" అన్నాడు. రెండువైపులా బాల్ జాయింట్లు, బుష్‌లు, షాకులు (షాక్ అబ్జార్బర్లు), టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే రాడ్ల చివరి కీళ్ళు), దానికితోడు ఆ రాడ్లని అటూ ఇటూ నెట్టే స్టీరింగ్ ర్యాక్ కూడా డౌటేనట. మొత్తం 1,400 పౌండ్లు. ఏది పోయింది అనడిగితే అన్నీ కొంచెం కొంచెం పోయాయన్నాడు. ఈ మాట నాకు నచ్చలేదు. మన విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ అయినా సరే, చక్రం పట్టుకుని ఊపి, "ఇదిగో సార్, ఇక్కడుంది లూజు" అని మన చెయ్యి అక్కడ పెట్టించి మరీ చూపిస్తాడు. ఏది పోయిందో చూపించకుండా అన్నీ మార్చమనడం రోగమేంటో చెప్పకుండా మందుల చీటీ రాయడమే.

అలాగని నేరుగా కౌన్సిల్ సెంటర్‌కి పరిగెత్తకండి, దానికి ముందు ఇంట్లోనే చేసుకోదగ్గ పని కొంత ఉంది, అది చేసుకుని వెళ్తే అక్కడ ఏం అడగాలో తెలుస్తుంది.

మొదటిది అసలు బండి ముట్టుకోకుండానే అయిపోతుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే 2005 నుంచి దాని ఎంఓటీ చరిత్రంతా ఉచితంగా వస్తుంది. ఫెయిలైనవే కాదు, పాసైనప్పుడు రాసిన అడ్వైజరీలు, అంటే ఇప్పుడు ఫెయిల్ కాదు గానీ కనిపెట్టుకోమనే హెచ్చరికలు కూడా. నా బండికి ఎడమ ముందు పై బాల్ జాయింట్‌లో కొద్దిగా ప్లే, అంటే లూజు, ఉందని పాత ఓనరు టైమ్‌లోనే రాశారు, తర్వాతి ఏడాదీ అదే మాట, ఆ తర్వాతా అదే. ఎవరూ మార్చలేదన్నమాట. పాత క్యాంపర్ కొనేముందు ఈ పేజీ చదవనివాళ్ళకి నేనేం చెప్పలేను.

రెండోది టైర్లు. సస్పెన్షన్, అంటే చక్రాలని పట్టి ఉంచి కుదుపులు తట్టుకునే భాగాలు, ఏం చేస్తోందో టైరు మీద రాసి ఉంటుంది. అరచెయ్యి టైరు మీద అడ్డంగా లోపలికొకసారి, బయటికొకసారి రాయండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపంలా గీసుకుంటే టో, అంటే చక్రాలు రెండూ ఎటు చూస్తున్నాయన్న కొలత, తప్పింది. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంటో, వదులైన జాయింటో, బుష్షో చూడాలి. అక్కడక్కడా గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్ మీద అనుమానం. నాది ఎడమ టైరు లోపలి అంచు. చక్రం పూర్తిగా తిప్పి వంగి చూస్తే తప్ప కనపడదు.

మూడోది, నాకు బాగా పనికొచ్చినది: బండిని నేల మీదే, నాలుగు చక్రాల మీదే ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజను ఆన్ చేసి, ఒకరు స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ కొంచెం కొంచెం ఊపుతుండాలి. పూర్తిగా తిప్పక్కర్లేదు, చక్రం కదిలీ కదలనంత చాలు. రెండోవాళ్ళు టై రాడ్ ఎండ్ మీద వేళ్ళు పెట్టాలి, సగం రాడ్డు మీద, సగం చక్రం వైపు ఉండే ఇనుప చెయ్యి (ఆర్మ్) మీద. జాయింటు బాగుంటే రెండూ కలిసే కదులుతాయి, పోతే ముందు రాడ్డు కదిలి, ఒక తృటి తర్వాత రెండోది కదులుతుంది. కంటికి ఆనకపోయినా వేలికి తెలిసిపోతుంది. ర్యాక్ చివర ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుంటే లోపలి జాయింటు సంగతీ తెలుస్తుంది. "ఏమండీ, ఇంకా ఊపాలా? చేతులు పడిపోతున్నాయి" అని పైనుంచి మా ఆవిడ. ఇంకాస్త అంటూనే నాలుగు జాయింట్లూ చూసేశాను. స్టీరింగ్ రాడ్లలో లూజు లేదు, ర్యాక్ కూడా బాగుంది. అంటే ఆ 1,400లో పెద్ద ముక్క అక్కడికక్కడే ఎగిరిపోయింది.

నాలుగోది జాకీ ఎత్తి చూడటం. చక్రాన్ని అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపితే తెలిసేది ఎక్కువగా స్టీరింగ్ జాయింట్లు. పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, లేదా చక్రం బేరింగ్. ఆ రెంటిలో ఏదో తేల్చుకోడానికి లోపల ఎవరితోనైనా బ్రేకు తొక్కించండి. లూజు మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. అయితే ఇక్కడొక తిరకాసుంది. స్ప్రింగ్ బలం జాయింటుని బిగించి పట్టేసి ఉంటే, పూర్తిగా పోయినది కూడా కదలదు. జాకీ ఎక్కడ పెట్టాలన్నది స్ప్రింగ్ చక్రాన్ని పట్టి ఉంచే ఏ చేతి (ఆర్మ్) మీద పనిచేస్తుందో దాన్నిబట్టి మారుతుంది. టీ4 ముందు భాగంలో కాయిల్ స్ప్రింగులు ఉండవు, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి, ఫ్లోర్ కింద పొడుగ్గా పోయి, మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్లు. ఇంటి ముందు జాకీతో చూసి "లూజు లేదు" అని తేల్చేయడం దీనికి పనికిరాదు. ఇంకోటి, స్టాండ్లు పెట్టకుండా ఉత్త జాకీ మీదున్న బండి కిందికి తల పెట్టకండి.

కౌన్సిల్ సెంటర్ విలువ తెలిసేది సరిగ్గా ఇక్కడే. వాళ్ళ దగ్గర చక్రాలను కుదిపే ప్లేట్లున్నాయి. బండి బరువంతా చక్రాల మీదే ఉంచి, టెస్టర్ చేతిలో ఉన్న బటన్ నొక్కుతుంటే ఆ ప్లేట్లు చక్రాన్ని పక్కలకి తోస్తాయి, లాగుతాయి. మనిషి ఎంత బలంగా ఊపినా రాని కదలిక అక్కడ వస్తుంది. ఎంఓటీ చేసే చోట కస్టమర్ నిలబడి చూసుకోడానికి వీలుండాలన్నది రూలు, కాబట్టి గీతకి ఇవతల నిలబడి నేనంతా చూశాను. టెస్టర్ తలపండిన మనిషి, మాట తక్కువ. టెస్ట్ అయిపోయాక చెయ్యి ఊపి కిందికి రమ్మన్నాడు. ఎడమ పై బాల్ జాయింట్ మీద టార్చి పట్టుకుని ప్లేటు కదిపాడు. రబ్బరు బూటు అంచున తడిగా నల్లటి గ్రీజు, దాని కింద సన్నటి తుప్పు గీత. ప్లేటు అటు వెళ్ళినప్పుడు ఆ గీత వెంట్రుకంత తెరుచుకుంటోంది, ఇటు వచ్చినప్పుడు మూసుకుంటోంది. "చూశారా, చక్రం కదిలాక గానీ చెయ్యి కదలట్లేదు. ఇప్పుడే ఫెయిల్ చేసేంత లేదు, కానీ దీంతో వచ్చే ఏడాదిదాకా తిరగొద్దు" అన్నాడు. తర్వాత మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌కి చక్రం వైపు ఉండే చిన్న లింకు, డ్రాప్ లింక్ అంటారు, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆడించాడు. టక్. మా వీధి స్పీడ్ బ్రేకర్ దగ్గర వినపడే శబ్దం అదే.

అయితే బండి ఫెయిలైంది. ఆ లింకు ఎలాగూ పోయింది కాబట్టి అదొకటి, రెండోది నేను ఊహించనిది: కుడి టై రాడ్ ఎండ్ రబ్బరు బూటు వెనకవైపు అడ్డంగా చీలిపోయింది. లోపలి జాయింటు గట్టిగానే ఉంది, శబ్దం లేదు, లూజు లేదు, అందుకే నా వేళ్ళకి దొరకలేదు. కానీ రూలు ప్రకారం బూటు బాగా పాడైతే మైనర్, అసలు దుమ్ము ఆపలేని స్థితికి వస్తే మేజర్, అంటే ఫెయిల్. మొదట్లో అతి అనిపించినా ఆలోచిస్తే సబబే. ఇంగ్లండ్ వానలకి, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి, బూటు చిరిగిన జాయింటు ఎన్నాళ్ళో నిలవదు. కింది బాల్ జాయింట్లు, బేరింగులు, ర్యాక్, కుడివైపు మిగతావన్నీ బాగున్నాయి. షాకులకి ఆయిల్ లీకు లేదు. బుష్‌ల పైన సన్నటి పగుళ్ళున్నాయి గానీ, పొడుగాటి ఇనుప రాడ్డుతో మెత్తగా ఎత్తి చూస్తే రబ్బరు లోహం నుంచి విడిపోలేదు, కాబట్టి పైపై పగుళ్ళని లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు ఆ కోసిన స్టారు గురించి. బుకింగ్ ఫోన్ ఎవరూ ఎత్తరు, ఎత్తినా దగ్గర్లో డేట్లు దొరకవు. పాత సర్టిఫికెట్ గడువుకి నెలరోజుల ముందునుంచి, ఒక్కరోజు తక్కువగా, టెస్ట్ చేయించుకోవచ్చు, పాత తేదీ అలాగే ఉంటుంది, కాబట్టి ముందే బుక్ చేసుకోండి. నాకు పాత గడువు ఇంకా ఉంది, డేంజరస్ అని ఏదీ రాయలేదు కాబట్టి బండి ఇంటికి తెచ్చుకోనిచ్చారు. ఆ రెంటిలో ఏది తేడాగా ఉన్నా చిక్కే. వాళ్ళు రిపేరు చెయ్యరు కనక ఇంకోచోట చేయించి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాలి, 10 పనిదినాల్లోపు వెళ్తే సగం ఫీజుతో పోతుంది గానీ ఆఫీసుకి ఇంకోసారి సెలవు పెట్టాలి. ఫెయిలైన సంగతి ఆన్‌లైన్ చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతుంది, అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు. అన్నిటికంటే పెద్ద లోటు, ఎంఓటీలో ఏదీ విప్పి చూడరు, మామూలుగా రోడ్డు మీద తోలి చూడరు. కాబట్టి మోటర్‌వే మీద బండి ఎందుకు ఊగుతోందనే నా రెండో ప్రశ్నకి అక్కడ జవాబు దొరకలేదు. అడిగితే "అది నా టెస్ట్‌లో లేదండీ" అన్నాడు, అదీ నిజమే.

దానికి జవాబు చెప్పింది ఒక చిన్న గ్యారేజీ, ఒక్కడే మనిషి నడుపుతాడు. ఎంఓటీ కాయితం చూపించి ఇవి మాత్రమే చెయ్యమన్నాను. బండి దగ్గరికి వచ్చీరాగానే జాయింట్లు వదిలేసి టైరు పక్కగోడ చదివాడు. "ఇవి కారు టైర్లండీ" అన్నాడు. ఈ వ్యాన్‌కి పక్కగోడ గట్టిగా ఉండే, ఎక్కువగా సైజు చివర సీ అనే అక్షరం ఉండే వ్యాన్ టైర్లు వెయ్యాలి. పాత ఓనరు చవగ్గా వస్తాయని మామూలు కారువి వేశాడు. అంత బరువు మెత్తటి పక్కగోడల మీద నిలబెడితే గాలికి ఊగక ఏం చేస్తుంది? పైగా గాలి కూడా కారుకి పెట్టినంతే పెట్టి ఉంది. స్టీరింగ్ ర్యాక్ మార్చినా ఈ ఊగుడు పోయేది కాదు.

పని మాత్రం శుభ్రంగా చేశాడు. బాల్ జాయింట్‌కి లెమ్‌ఫోర్డర్, లింకులకి మైలే హెచ్‌డీ, ఇవి పార్టుల కంపెనీల పేర్లు, లింకులు రెండువైపులా జతగా మార్చాడు. జాయింటు విడదీయడానికి ఫోర్కులాంటి దాన్ని సుత్తితో కొట్టకుండా స్క్రూతో లాగే పుల్లర్ వాడాడు. ఫోర్కు కొడితే పనికొచ్చే జాయింటు బూటు కూడా చిరుగుతుంది. ఎవరైనా బుష్‌లు మార్చిస్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకుని అడగండి: ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చెయ్యాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలితిరిగిపోయి ఉంటుంది, కొత్త బుష్ కూడా త్వరగా చిరిగిపోతుంది. తర్వాత అలైన్‌మెంట్, టై రాడ్ ఎండ్ మార్చాక అది తప్పనిసరి. టైర్లు కాకుండా మొత్తం 400 పౌండ్ల లోపే అయింది. టైర్లకి విడిగా పడింది, అది ఎలాగూ పడేదే. టక్ శబ్దం పోయింది. ఆ బ్రిడ్జి మీద ఇప్పుడూ గాలి తోస్తుంది, అంత ఎత్తు బండికి అది పోదు, కానీ స్టీరింగ్ తిప్పినప్పుడే బండి తిరుగుతోంది.

ఎవరికి ఈ సెంటర్ పనికొస్తుంది అంటే, ఎంఓటీ దగ్గరపడిన పాత వ్యాన్ ఉన్నవాళ్ళకి, గ్యారేజీ వాడు పెద్ద అంకె చెప్పి ఏది పోయిందో చూపించనప్పుడు. గడువు ఇంకా చాలా ఉండి ఒక శబ్దం మాత్రమే ఇబ్బంది పెడుతుంటే అక్కడికి వెళ్ళకండి, ఊరికే రికార్డులోకి ఎక్కుతుంది. గంట లేబర్ ఇచ్చి లిఫ్ట్ మీద చూపించమని మంచి మెకానిక్‌ని అడగండి, ముందే "ఇవాళ చూడటమే, చెయ్యడం లేదు" అని చెప్పండి. డ్రాప్ లింక్ మీదే అనుమానమైతే అదీ అక్కర్లేదు, రెండువైపులా లింకులు విప్పి వీధిలో నడక వేగంతో ఒక గతుకు దాటిస్తే శబ్దం ఆగిందో లేదో తెలిసిపోతుంది, వెంటనే మళ్ళీ బిగించెయ్యండి.

చివరిగా బుక్ చేసేటప్పుడు బండి ఎత్తు చెప్పండి. నాది లేచే టాపు కాబట్టి దించితే లోపలికి దూరింది. గట్టి హై టాప్ ఉన్న క్యాంపర్ నా వెనకాలే వచ్చింది, తలుపు దగ్గరే ఆపేసి ఇంకో సెంటర్‌కి పొమ్మన్నారు.